కాస్‌ప్లే (పాత్రల వేషాలు వేయడం) కోసం ప్లాస్టిక్ మణి: తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి రోజు అక్షింతలు చేతిలో పట్టుకుని విన్న శమంతకమణి కథ మనలో చాలామందికి గుర్తే. సత్రాజిత్తు ఆ మణిని మెడలో వేసుకుని ద్వారకకు వస్తుంటే, సూర్యుడే నడిచి వస్తున్నాడని జనం అనుకున్నారంటారు. సత్రాజిత్తు వేషం కోసం ఆ మణిని ఎపాక్సీ రెసిన్‌తో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పారదర్శక ప్లాస్టిక్‌తో చేశాను. 6 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. మందం, ఎరుపు రంగు. నాలుగోసారికి గానీ మనసుకు నచ్చేలా రాలేదు. అది చూసినవాళ్లంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటే, జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. కిరీటంలో రాయికైనా, మంత్రదండం మీద రాయికైనా ఇదే పద్ధతి.

## మొదలుపెట్టే ముందు

రెసినే వాడాలా? బజార్లో దొరికే ప్లాస్టిక్ రాయి సరిపోదా?

3 సెం.మీ. లోపు రాయి అయితే కొనుక్కోవడమే మేలు. మగ్గం వర్క్ సామాను, ఫ్యాన్సీ సామాను అమ్మే షాపుల్లో ముఖాలు చెక్కిన యాక్రిలిక్ రాళ్లు దొరుకుతాయి. వెనక వెండిపూత ఉన్నవే తీసుకోండి. అంతకన్నా పెద్దది కావాలన్నా, మీ పాత్రకు ప్రత్యేకమైన ఆకారం కావాలన్నా, ఒకే రంగులో అరడజను రాళ్లు కావాలన్నా రెసిన్‌కు దిగండి.

మా బాబు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ ఎల్లుండే. రెసిన్ ఆరే టైమ్ లేదు. ఏం చేయాలి?

టెన్షన్ వద్దు, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఐస్‌క్రీమ్ కప్పుల మీద వచ్చే గుండ్రటి పారదర్శక మూత తీసుకోండి. దాని లోపలి వైపు ఎర్రటి గ్లాస్ పెయింట్ పలచగా వేసి ఆరనివ్వండి. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా నలిపి, మళ్లీ విప్పి, అట్టముక్కకు అంటించండి. మూతను దాని మీద బోర్లించి అంచు చుట్టూ బంగారు రంగు లేసు అంటించండి. స్టేజి మీద నుంచి చూస్తే చక్కగా మెరుస్తుంది. బరువు ఉండదు. చిన్నపిల్లలకు రెసిన్ రాయి కన్నా ఇదే మంచిది.

ఎంత సైజు చేస్తే దూరానికి కూడా కనిపిస్తుంది?

మెడలో వేసుకునేదైతే 5 నుంచి 7 సెం.మీ. వెడల్పు చాలు. చేతిలో పట్టుకున్నప్పుడు అతిగా అనిపించినా, పది అడుగుల దూరంలో అదే సరైన కొలత. ఆపైన బరువుతో ఇబ్బంది. రెసిన్ నీళ్ల కన్నా కొంచెం బరువైనది. 6 సెం.మీ. వెడల్పున్న అర్ధగోళం దాదాపు 62 గ్రాములు తూగుతుంది. వెడల్పు 9 సెం.మీ. చేస్తే అదే ఆకారం 200 గ్రాములు దాటుతుంది. సాయంత్రం దాకా మెడలో మోయాలంటే ఈ తేడా చిన్నది కాదు.

ప్లాస్టిక్ రాయి నిజమైన రాయిలా ఎందుకు మెరవదు?

అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసింది ఇదే. రాయి తనంతట తాను మెరవదు. ముందు నుంచి లోపలికి వెళ్లిన వెలుగు వెనక గోడకు తగిలి మళ్లీ మన కంటికి తిరిగి రావాలి. అలా వచ్చినంత మేరకే మెరుపు.

వజ్రం వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 2.42, కెంపుది సుమారు 1.76. యాక్రిలిక్‌ది 1.49, ఎపాక్సీ రెసిన్‌ది దాదాపు 1.5 నుంచి 1.57 వరకు ఉంటుంది. ఈ అంకె పెద్దదైతే వెలుగు లోపలే చిక్కుకుని వెనక్కి మళ్లడం తేలిక. వజ్రంలో వెలుగు వెనక ముఖానికి 24 డిగ్రీలకు మించి ఏటవాలుగా తగిలితే చాలు, మొత్తం తిరిగి వస్తుంది. ప్లాస్టిక్‌లో అది 42 డిగ్రీల దాకా కావాలి. అందుకే వెనక బల్లపరుపుగా ఉన్న ప్లాస్టిక్ రాయిలో వెలుగు నేరుగా వెనక నుంచి బయటికి పోతుంది. మనకు కనిపించేది మెరుపు కాదు, రాయి వెనక ఉన్న చొక్కా.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, వెనక భాగాన్ని 45 డిగ్రీల వాలుతో శంకువులా చేయడం. కానీ 6 సెం.మీ. రాయికి వెనకే 3 సెం.మీ. లోతు కావాలి, అది ఛాతీ మీద గుచ్చుకుంటుంది. రెండోది, వెనక రేకు పెట్టడం. కుందన్ నగల్లో రాయి కింద రేకు పెట్టి పొదిగేది కూడా వెలుగును వెనక్కి పంపడానికే. వేషానికి రేకే సరైన దారి. రాయి తయారీలో మీ శ్రమలో సగం దాని వెనక వైపుకే ఇవ్వండి.

రెసిన్ ప్రమాదమా? ఇంట్లో చేయొచ్చా?

చేయొచ్చు, కానీ జాగ్రత్తలను తేలిగ్గా తీసుకోకండి. ఎపాక్సీలోని రెండు భాగాలూ గట్టిపడక ముందు చర్మానికి పడవు. పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది. ఒకసారి మొదలైతే అది జీవితాంతం ఉండిపోవచ్చు, ఆ తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి. నైట్రైల్ గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు తప్పనిసరి. పలచటి లేటెక్స్ గ్లవ్స్ దీనికి పనికిరావు.

గాలి ఆడే వరండానో, కిటికీలు తెరిచిన గదో ఎంచుకోండి. వంటగది వద్దు. ఆవిరికి మామూలు గుడ్డ మాస్కు గానీ, ఎన్95 గానీ అడ్డుకాదు. తరచుగా చేసేవాళ్లు ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కొనుక్కోవాలి. ఎన్95 ఉపయోగపడేది గట్టిపడిన రాయిని సానపట్టేటప్పుడు లేచే ధూళికి.

చేతికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, అది రెసిన్‌ను చర్మంలోకి ఇంకా లోతుగా దింపుతుంది. పేపర్ టవల్‌తో ఒత్తి తీసి, సబ్బునీళ్లతో కడగండి. మిగిలిన రెసిన్ సింకులో పోయొద్దు. కప్పులోనే గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి. కలిపిన కప్పులు, చెంచాలు మళ్లీ తిండికి వాడకూడదు.

## అచ్చు

అచ్చు కొనాలా, చేసుకోవాలా?

మొదటిసారి అయితే కొనండి. రెసిన్ నగలకు అమ్మే సిలికోన్ అచ్చుల్లో ముఖాలు చెక్కిన పెద్ద రాళ్ల ఆకారాలూ ఉంటాయి. లోపలి గోడలు అద్దంలా మెరిసే అచ్చు చూసుకోండి. ఆకారం మీ పాత్రకు ముఖ్యమైతే రెండోసారికి సొంత అచ్చుకు వెళ్లండి.

సొంత అచ్చు కోసం మూల నమూనా దేంతో చేయాలి?

మూడు రకాల నమూనాలు వాడి చూశాను. పాత అల్మరాకు ఉండే గాజు పిడి అన్నిటికన్నా తేలిక. ముఖాలు చెక్కి ఉంటుంది, నున్నగా ఉంటుంది, సానపట్టే పని ఉండదు. త్రీడీ ప్రింట్ అయితే కోరిన ఆకారం వస్తుంది గానీ పొరల గీతలు పోయేదాకా సానపట్టి, ప్రైమర్ కొట్టి, పైన అద్దంలా మెరిసే వార్నిష్ వేయాలి. బంకమట్టితో చేస్తే ముఖాలు పదునుగా రావు. గుండ్రటి రాయికి మాత్రం అది పనికొస్తుంది.

ఏది వాడినా వెనక వైపు బల్లపరుపుగా ఉండాలి, కింద కన్నా పైన వెడల్పుగా ఉండకూడదు. అప్పుడే ఒకే ముక్క అచ్చులోంచి రాయి సాఫీగా బయటికి వస్తుంది.

సిలికోన్ పోసి రెండు రోజులైంది. నమూనాకు తగిలిన చోట ఇంకా జిగురుగానే ఉంది. ఎందుకు?

అది ప్లాటినం రకం సిలికోన్ అయి ఉండాలి. ఆ రకానికి గంధకం పడదు. గంధకం ఉన్న మోడలింగ్ క్లే, లేటెక్స్ గ్లవ్స్, సరిగా గట్టిపడని త్రీడీ రెసిన్ ప్రింట్ లాంటివి తగిలిన చోట అది ఎన్ని రోజులున్నా గట్టిపడదు. ఆ అచ్చును వదులుకోవాల్సిందే. ఇంకోసారి పోసే ముందు నమూనా మీద ఒక మూల కొంచెం సిలికోన్ రాసి, గట్టిపడుతుందో లేదో చూడండి. టిన్ రకం సిలికోన్‌కు ఈ పట్టింపు తక్కువ. నగలకూ బొమ్మలకూ కొత్తగా అచ్చులు పోసేవాళ్లు దానితో మొదలుపెట్టడం మంచిది. దాని అచ్చు మాత్రం కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది.

అచ్చులోంచి తీసిన రాయి మసకగా వస్తోంది. రెసిన్ మంచిది కాదా?

రెసిన్‌ది తప్పు కాదు. అచ్చు గోడ ఎలా ఉంటే రాయి అలా వస్తుంది. నమూనా మీద కంటికి కనపడనంత గరుకు ఉన్నా సిలికోన్ దాన్ని అచ్చుగుద్దినట్టు పట్టేస్తుంది. అచ్చు తేలిగ్గా ఊడాలని వాజిలైన్ రాసినా దాని చారలు రాయి మీదికి దిగుతాయి. కొన్నిసార్లు పోశాక ఎపాక్సీ వల్ల అచ్చు లోపలి మెరుపు కూడా తగ్గుతుంది. కాబట్టి మంచి రాయిని ముందే పోసుకోండి, ప్రయోగాలు తర్వాత చేయండి.

## రెసిన్ కలపడం, పోయడం

ఒక రాయికి ఎంత రెసిన్ కావాలి?

అచ్చును నీళ్లతో నింపి, ఆ నీళ్లను కొలత గ్లాసులో పోసి చూడండి. ఎన్ని మిల్లీలీటర్లు వస్తే దాన్ని 1.1తో గుణిస్తే సుమారుగా గ్రాములు వస్తాయి. నా అచ్చులో 57 మిల్లీలీటర్లు పట్టాయి, అంటే దాదాపు 63 గ్రాములు. కప్పుకు అంటుకుపోయేది కలుపుకుని 69 గ్రాములు లెక్కేశాను. నా సీసా మీద బరువులో 2:1 అని ఉంది. కాబట్టి రెసిన్ 46 గ్రాములు, హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే రెండో ద్రవం) 23 గ్రాములు. పోసే ముందు అచ్చును పూర్తిగా ఆరబెట్టండి. ఒక్క నీటి చుక్క మిగిలినా అక్కడ తెల్ల మచ్చ పడుతుంది.

నిష్పత్తి కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

రాయి రబ్బరులా మెత్తగానో, పైన జిగురుగానో మిగిలిపోతుంది. హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందని కొందరు అనుకుంటారు, అది తప్పు. హార్డెనర్ చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకం కాదు, రెసిన్‌తో జతకట్టి తానూ రాయిలో భాగమయ్యే పదార్థం. మిగులుగా పోసినది జతలేక అలాగే ఉండిపోతుంది. సీసా మీద ఉన్నది బరువు లెక్కో, కొలత లెక్కో చూసి, బరువైతే గ్రాముల తూకం వాడండి. కలిపేటప్పుడు కప్పు అడుగు, గోడలు గీరుతూ మూడు నిమిషాలు తిప్పండి. తర్వాత వేరే కప్పులోకి వంచి ఇంకో నిమిషం తిప్పండి. మొదటి కప్పు గోడలకు మిగిలిన సరిగా కలవని రెసిన్ అచ్చులో పడకుండా ఈ రెండో కప్పు కాపాడుతుంది.

బుడగలు ఎలా పోగొట్టాలి?

పుట్టకుండా చూసుకోవడమే తేలిక. గుడ్డు గిలక్కొట్టినట్టు కాకుండా పాయసం కలిపినంత నెమ్మదిగా తిప్పండి. చలికాలంలో రెసిన్ సీసాను, మూత బిగించి, గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే పలచబడి బుడగలు సులువుగా పైకి వస్తాయి. కలిపాక ఐదు నిమిషాలు కప్పును కదపకుండా ఉంచండి. పోసేటప్పుడు కొంచెం ఎత్తు నుంచి సన్నటి దారంలా వదలండి.

ముఖాలున్న అచ్చులో బుడగలు మూలల్లో దాక్కుంటాయి. అందుకే ముందు కొంచెం రెసిన్ పోసి, కుంచెతో మూలలన్నీ తడిపి, ఆ తర్వాత మిగతాది నింపాలి. నాలుగోసారి నా మణి బాగా రావడానికి ముఖ్య కారణం ఈ కుంచె. పైకి తేలిన వాటిని టూత్‌పిక్‌తో గుచ్చండి. లైటర్ మంటతో బుడగలు పోగొట్టాలని చూడకండి, మంట సిలికోన్‌కు తగిలితే అచ్చు పాడవుతుంది.

పోసిన అరగంటకే కప్పు చెయ్యి కాలేంత వేడెక్కింది, పొగ కూడా వచ్చింది. ఎందుకు?

ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. మందంగా ఒకేచోట ఉంటే ఆ వేడి బయటికి పోలేక ఇంకా వేగంగా గట్టిపడుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. రాయి పసుపెక్కి, పగిలి, పొగ వస్తుంది. బల్లల మీద పూత వేసే రెసిన్‌ను సాధారణంగా ఒక సెం.మీ.కు మించి పోయకూడదు. మందపాటి రాయికి కాస్టింగ్ రెసిన్, డీప్ పోర్ రెసిన్ అని విడిగా అమ్మేది తీసుకోండి. మన ఎండలు కూడా లెక్కలోకి వస్తాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. సీసా మీద 25 డిగ్రీలకు 40 నిమిషాలు అని ఉంటే, మే నెలలో 35 డిగ్రీల గదిలో 20 నిమిషాలే అనుకోండి. పొగ వస్తే కప్పును వెంటనే ఆరుబయట సిమెంటు నేల మీద పెట్టి దూరంగా నిలబడండి.

వానాకాలంలో పోస్తే పైన తెల్లటి జిడ్డు పొర వచ్చింది. రాయి పాడైనట్టేనా?

పాడవలేదు. గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో హార్డెనర్ కలిసి ఆ పొర ఏర్పడుతుంది. రాయి పూర్తిగా గట్టిపడ్డాక గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే పోతుంది. మీద పూత వేయాలన్నా, రేకు అంటించాలన్నా ముందు ఇది కడిగి తీరాలి, లేకపోతే ఏదీ పట్టదు.

యూవీ రెసిన్ నిమిషాల్లో గట్టిపడుతుందట, అదే వాడొచ్చా?

పెద్ద మణికి వద్దు. యూవీ (అతినీల లోహిత) దీపం కాంతి లోపలిదాకా చేరితేనే అది గట్టిపడుతుంది, రంగు కలిపితే కాంతి ఇంకా చేరదు. రెండు మూడు మి.మీ. పొరలుగా పోయాలి, పొరల మధ్య గీతలు కనిపిస్తాయి. గోళీ సైజు రాళ్లకు, గీతలు పడ్డ రాయి మీద పై పూతకు భేషుగ్గా పనిచేస్తుంది.

## రంగు

ఏ రంగు కలపాలి? ఇంట్లో ఉన్న ఫుడ్ కలర్ వేయొచ్చా?

వేయొద్దు. ఫుడ్ కలర్, పోస్టర్ కలర్ నీళ్లతో చేసినవి, రెసిన్‌లో కలవవు. చారలు కడతాయి, గట్టిపడనివ్వవు. రెసిన్ కోసమే అమ్మే పారదర్శక రంగు గానీ, ఆల్కహాల్ ఇంక్ గానీ తీసుకోండి. సీసా మీద పారదర్శకం అని ఉందో లేదో చూడండి. తెల్లపొడి కలిసిన రంగైతే మణి కాదు, బొత్తాం అవుతుంది.

కప్పులో ఎర్రగానే ఉంది. తీరా రాయి నల్లగా వచ్చింది. ఏం తప్పు చేశాను?

నా మొదటి మణికీ ఇదే జరిగింది. వేదిక మీద అది నల్లటి ముద్దలా కనిపించి మనసు చాలా నొచ్చుకుంది. వెలుగు రాయిలోకి వెళ్లి, వెనక తగిలి, తిరిగి రావాలి. అంటే 3 సెం.మీ. రాయిలో అది 6 సెం.మీ. రంగును దాటాలి. కప్పు అంచున కనిపించే రంగును నమ్మకండి. పారదర్శక గ్లాసులో రాయి మందానికి రెట్టింపు ఎత్తు రెసిన్ తీసుకుని, తెల్ల కాగితం మీద పెట్టి, పై నుంచి చూడండి. అలా చూసినప్పుడు నచ్చిన రంగే రాయిలో వస్తుంది. ఆ మేరకు కప్పులో దానిమ్మ గింజ కన్నా లేత రంగే కనిపిస్తుంది, భయపడొద్దు. రంగును టూత్‌పిక్ మొనతో కొద్దికొద్దిగా వేయండి.

## రేకు, మెరుగు, దీపం

వెనక ఏ రేకు పెట్టాలి, ఎలా అంటించాలి?

నున్నటి రేకు అద్దంలా పనిచేస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లకు ఒకసారి మెరిసి, కాస్త పక్కకు జరిగితే చీకటి. నలిపి విప్పిన రేకులో వందల చిన్న అద్దాలుంటాయి, మీరు ఎటు తిరిగినా ఏదో ఒకటి వెలుగును పట్టి ఇస్తుంది. అందుకని అల్యూమినియం ఫాయిల్‌ను గుప్పిట్లో మెల్లగా నలిపి, చిరగకుండా విప్పి, మెరిసే వైపు రాయికి తగిలేలా పెట్టండి. చాక్లెట్ రేపర్ల బంగారు రంగు రేకు ఎర్ర రాయి కింద నిప్పు కణికలాంటి వెచ్చదనం ఇస్తుంది. నా మణి కింద నడిమధ్యన బంగారు రేకు, చుట్టూ వెండి రేకు పెట్టాను.

అంటించడానికి పలచగా రెసిన్ రాయడమే ఉత్తమం, గాలి బుడగలు లేకుండా వేలితో నొక్కండి. శంకువు ఆకారపు వెనక భాగం ఉన్న రాయికి మాత్రం జిగురు రాయకండి. అక్కడ వెలుగు తిరిగి రావడానికి ప్లాస్టిక్ పక్కన గాలి ఉండాలి. రేకును చిన్న గిన్నెలా వంచి, తాకకుండా వెనక ఉంచండి.

గీతలు పడ్డాయి. మళ్లీ అద్దంలా ఎలా చేయాలి?

నీళ్లలో తడిపిన వాటర్ పేపర్‌తో (సన్నటి ఉప్పుకాగితం) 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్ల వరుసలో రుద్దండి. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చండి, ముందటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి కాగితం పట్టండి. 400 గీత ఒక్కటి మిగిలినా 2000 దగ్గర అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చివర కారు పాలిష్‌తో మెత్తటి గుడ్డ పెట్టి తిప్పండి. ఓపిక లేకపోతే 800 దగ్గర ఆపి, తడిపి చూడండి. తడిలో రాయి స్పష్టంగా కనిపిస్తే, పలచటి రెసిన్ పూతతో అదే స్పష్టత వస్తుంది. ముఖాల అంచులు మాత్రం కాస్త మొద్దుబారతాయి.

లోపల లైట్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ రేకు, దీపం రెండూ ఒకేచోట కుదరవు. పగటి వేడుకైతే రేకు, చీకటి వేదికైతే దీపం. దీపం పెట్టేటప్పుడు రాయి వెనక వైపు 400 కాగితంతో గరుకు చేయండి, వెలుగు ఒకచోట చుక్కలా కాకుండా రాయంతా పరుచుకుంటుంది. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు, కాబట్టి 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీతో బాగా వెలుగుతుంది. తెలుపు, నీలం ఎల్‌ఈడీలకు 3 వోల్టుల దాకా కావాలి, బ్యాటరీ కొంచెం తగ్గగానే మసకబారతాయి. బ్యాటరీని రెసిన్‌లో పూడ్చకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే బిళ్ల బ్యాటరీ ఉన్న పెట్టెకు స్క్రూతో బిగించే మూత ఉండాలి. మింగితే అన్నవాహిక గంటల్లోనే కాలిపోతుంది, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

## దుస్తులకు బిగించడం

ఏ జిగురు వాడాలి? ఫెవిక్విక్ వేస్తే చుట్టూ తెల్లబడింది.

ఆ రకం జిగురు ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్ల పొగలా పేరుకుంటుంది. మణికి ఎప్పుడూ వద్దు. రెండు ట్యూబుల అరాల్డైట్ గానీ, నగల పనికి వాడే బీ-7000 గానీ మంచివి. గ్లూ గన్ జిగురు ఎండలో మెత్తబడుతుంది, పైగా నున్నటి రెసిన్‌ను గట్టిగా పట్టుకోదు. ఏ జిగురైనా అంటించే అంచును ముందు 400 కాగితంతో గరుకు చేయండి.

రాయి చుట్టూ బంగారు గూడు దేంతో చేయాలి?

5 మి.మీ. ఎవా ఫోమ్ (మెత్తటి, సాగే ఫోమ్ షీటు). రాయి కొలత కన్నా ఒక మి.మీ. చిన్నగా రంధ్రం కోసి, వెనక నుంచి రాయిని తోయండి. ఫోమ్ సాగి అంచును పట్టుకుంటుంది. కంసాలి రాయి పొదిగినట్టే, మన పనిలోనూ జిగురు కన్నా పట్టు ముఖ్యం. వెనక ఇంకో ఫోమ్ బిళ్ల అంటిస్తే రేకుకు చెమట తగలదు. ఫోమ్‌కు రంగు వేసే ముందు వేడిగాలి పట్టించి, ఫెవికాల్ రెండు మూడు పూతలు వేసి ఆరనివ్వండి. అప్పుడు బంగారు రంగు లోపలికి ఇంకకుండా పైన మెరుస్తుంది.

నడుస్తుంటే మణి తిరగబడి వెనక వైపు కనిపిస్తోంది.

ఒకే కొక్కెంతో వేలాడదీశారు కాబట్టి. గూడుకు రెండు పక్కలా, సగం ఎత్తుకు పైన, కొక్కేలు పెట్టి హారాన్ని రెండు వైపుల నుంచి కట్టండి. వెనక ఒక పిన్నీసు కుట్టి ఉత్తరీయానికి గుచ్చితే ఇక కదలదు.

## వేడుక రోజు, ఆ తర్వాత

కారులో పెట్టి వెళ్లాను, తిరిగొచ్చేసరికి వంగిపోయింది. బాగవుతుందా?

అవుతుంది. ఇంటి పనికి వాడే చాలా ఎపాక్సీలు 50 డిగ్రీలు దాటగానే మెత్తబడతాయి, ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి మామూలే. రాయిని వేడినీళ్లలో కాసేపు ఉంచి, బల్లపరుపు గాజు మీద నొక్కి చల్లారనివ్వండి. రేకు ఊడితే మళ్లీ అంటించుకోవాలి. వేసవిలో మణిని మెత్తటి గుడ్డలో చుట్టి మీతోపాటే సంచిలో పెట్టుకెళ్లండి.

ఫోటోల్లో మణి స్థానంలో తెల్ల మచ్చే వస్తోంది.

కెమెరా ఫ్లాష్ ముందు ముఖానికి తగిలి నేరుగా వెనక్కి వస్తోంది. ఫ్లాష్ ఆపించి, వెలుగు మీకు పక్క నుంచి, కొంచెం పై నుంచి పడేలా నిలబడండి. హైదరాబాద్ కామిక్ కాన్ లాంటి కాస్‌ప్లే వేడుకలు జరిగే హాళ్లలో పైకప్పు దీపాలు నెత్తి మీద ఉంటాయి. ఛాతీని అంగుళం పైకెత్తి నిలబడితే చాలు, రేకు ఆ వెలుగును పట్టుకుంటుంది.

ఏడాది తిరగకుండానే పసుపెక్కింది. ఆపగలమా?

ఎండలోని అతినీల లోహిత కిరణాలే కారణం. పూర్తిగా ఆపలేం, నెమ్మదింపజేయగలం. ఎర్ర, నారింజ రాళ్లలో ఆ పసుపు కనిపించదు. నీలం రాయి ఆకుపచ్చగా మారుతుంది, తెల్ల రాయి పాతబడినట్టు ఉంటుంది. లేత రంగు మణి చేస్తుంటే యూవీ తట్టుకునే రెసిన్ కొనండి. వేషం విప్పాక మణిని తడిగుడ్డతో తుడిచి, నల్ల గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టండి.